అండాలమ్మ పంటి కింద మొలిచిన ఎముక

ఇబ్రహీంపట్నం బస్టాండుకు దగ్గర్లో నా పంటి దవాఖాన తెరిచిన కొత్తలో నేను దంతవైద్య శాస్త్రాన్ని ఒక పెద్ద మలుపు తిప్పాను. ఆ మలుపులో బోల్తా పడింది నేనొక్కడినే కాబట్టి శాస్త్రానికి ఏమీ కాలేదు. హాలు నిండా డాక్టర్లను కూర్చోబెట్టి, మెడలో శాలువాతో, చేతిలో మైకుతో నా పరువు నేనే తీసుకున్న వైనం ఇది. ఇప్పటికీ ఆ హాలు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే కారు అద్దాలు పైకి లేపుకుంటాను. మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వండి. చెప్పేది అందుకే.

అప్పట్లో నేనెలాంటి మనిషినో ముందు తెలియాలి. పట్టా చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. గోడకు వేలాడదీసిన దాని ఫ్రేము రంగు కూడా ఆరలేదు. కానీ నా గదిలో ఒక కొత్త యంత్రం ఉండేది. దవడ మొత్తాన్ని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకే బొమ్మలో తీసే ఎక్స్‌రే యంత్రం. మనిషిని నిలబెట్టి గడ్డం ఆనించమంటే, దాని చెయ్యి గుయ్యిమంటూ తల చుట్టూ తిరిగి బొమ్మ తీస్తుంది. బోర్డు మీద నా పేరు కంటే ఆ యంత్రం పేరే పెద్ద అక్షరాల్లో రాయించాను. నోరు తెరిచి చూడడం, అద్దం పెట్టి వెతకడం మా తాతల కాలపు వైద్యమని నా నమ్మకం. పేషెంటుకు తోడు వచ్చినవాళ్లను కూడా దాంట్లో నిలబెట్టాలని చేతులు దురద పెట్టేవి.

అలాంటి రోజుల్లో నా గుమ్మం ఎక్కింది అండాలమ్మ. ఆమె మంచాల మండలం దిక్కు ఒక ఊరికి ఒకప్పుడు సర్పంచి. పదవి దిగి చాలా కాలమైనా ఆ సంగతి ఆమె గొంతుకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాను.

"ఏమైందో సెప్పనీకే గదా నువ్వున్నది. నన్నడుగుతవేంది?" అంది కుర్చీలో సర్దుకుంటూ. తర్వాత దయతలచి తానే చెప్పింది. "ఎడమ దిక్కు, పైన, ఎనుక పన్ను. చిగురు వాస్తది, నెత్తురొస్తది. రొట్టె కొరికితే జర ఊగినట్టనిపిస్తది."

"కుడి దిక్కు నములు కొన్ని రోజులు."

"కుడి దిక్కు ఏమున్నయ్ నమలనీకె? ఒక్కొక్కటే పీకి పారేసిండ్రు నీ అసుంటి డాక్టర్లు. నమిలేది గీ ఒక్క పన్నుతోనే. ఇది గూడ వోతే జొన్నరొట్టె పాలల్ల నానబెట్టుకొని తాగాలె. దావత్‌ల మటన్ వడ్డిస్తే సూసుకుంట కూసోవాలె. ఎట్లనన్న చేసి దీన్ని నిలబెట్టు బిడ్డా."

ఆ చివరి మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె గొంతులో సర్పంచి లేదు. నిజంగానే భయపడుతోంది. నేను దాన్ని గమనించాను. గమనించి ఏం చేశానంటారా? యంత్రం స్విచ్ వేశాను.

నిలబెట్టేటప్పుడు చూస్తే ఆమె చెవులకు కమ్మలు లేవు. తమ్మెలకున్న రంధ్రాల్లో రెండు చీపురుపుల్ల ముక్కలున్నాయి.

"పాత కమ్మలు కరగబోసి బుట్ట కమ్మలు చెయ్యమని ఆచారికిచ్చిన. రంధ్రాలు పూడిపోవద్దని పుల్లలు వెట్టిన. నోరు సూడమని వస్తే చెవులు సూస్తవేంది?"

బొమ్మ అద్దంలా వచ్చింది. మీకు అర్థమయ్యేలా చెబుతాను. పై దవడలో వెనక పళ్లకు సాధారణంగా మూడు వేర్లుంటాయి. ముక్కాలిపీటను నేలలో పాతినట్టు ఆ మూడూ ఎముకలో దిగి ఉంటాయి. చిగుళ్ల జబ్బు ముదిరితే ఆ కాళ్ల మధ్యనున్న ఎముక మెల్లగా కరిగిపోతుంది. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, కరిగిన చోటు నల్లగా కనిపిస్తుంది. అండాలమ్మ పంటి వేర్ల మధ్య నల్లటి ఖాళీ కనబడుతోంది.

నిజానికి అది ఎంత లోతో తెలియాలంటే బొమ్మ ఒక్కటే సరిపోదు. వేర్లు ఒకదాని మీద ఒకటి అడ్డం వచ్చి బొమ్మ అబద్ధాలు చెబుతుంది. కొన వంకరగా ఉండే సన్నటి పరికరం ఒకటుంటుంది. దాన్ని చిగురు కిందికి పోనిచ్చి, వేర్ల మధ్యకు ఎంతవరకు దూరుతుందో చేత్తో చూడాలి. నేను దాన్ని బయటికి తీసిన మాట వాస్తవం.

"గా కొడవలెందుకు?" అంది అండాలమ్మ.

"లోపల ఎంత ఖాళీ ఉన్నదో చూడనీకి."

"మరి గా ఫొటో ఎందుకు దీసినట్టు? మళ్ల గుచ్చుడేంది? లోపటవెట్టు దాన్ని."

నాకూ అదే కావాలి. సంతోషంగా లోపల పెట్టేశాను. ఇలాంటి పంటిని చిగుళ్ల స్పెషలిస్టుకు పంపాలని చదువుకున్నాను గానీ, అంత మంచి కేసును నా చేతులతో నేనే ఇంకొకరికి ఎలా అప్పగిస్తాను? చిగురు తెరిచి వేర్ల మధ్య గారంతా గీకి శుభ్రం చేశాను. ఎముక పెరగడానికి వాడే పొడి నింపి కుట్లు వేశాను. వాపు తగ్గింది, నెత్తురు ఆగింది. అండాలమ్మ సంబరపడి ఒక బుట్టెడు సీతాఫలాలు తెచ్చిచ్చింది. కథ అక్కడే ఆగిపోయి ఉంటే ఇవాళ నాకు మీతో పని ఉండేది కాదు.

కొన్ని నెలల తర్వాత రమ్మన్న రోజుకు అండాలమ్మ పట్టుచీరలో దిగింది. చెవులకు కొత్త బుట్ట కమ్మలు. ఒక్కొక్కటి చిన్నపాటి గుడిగంటంత ఉంది. తల తిప్పినప్పుడల్లా గది నిండా మువ్వల చప్పుడు.

"పెద్దమ్మా, ఎక్స్‌రే తియ్యాలె. చెవులవి జర తీస్తవా?"

"పెండ్లికి పోతున్న. చెవులు బోసిగ పెట్టుకొని పోవాల్నా? ఆచారి మర గట్టిగ బిగించిండు. తీస్తే మళ్ల ఎవరు బిగిస్తరు, నువ్వా?"

"నాకు రాదు పెద్దమ్మా."

"రానప్పుడు ఎందుకు తియ్యమంటవ్? నొచ్చింది పన్ను. చెవులు గాదు."

ఆ వాదనలో నాకు ఒక్క తప్పూ కనిపించలేదు. చెవి చెవి దగ్గరుంది, పన్ను పంటి దగ్గరుంది, వీటి మధ్య గొడవేముంటుంది? కమ్మలు బొమ్మలో పడితే ఆ పక్కన ఈ పక్కన అంచుల్లో పడతాయి, పడనీ అనుకున్నాను. కాలేజీలో ఈ యంత్రం గురించి పాఠం చెప్పిన రోజు నేను క్యాంటీన్‌లో సమోసా తింటున్నాను. సమోసా బాగుందని మాత్రం గుర్తుంది.

యంత్రం గుయ్యిమంది. బొమ్మ తెర మీదికి వచ్చింది. అంచుల్లో కమ్మలు దర్జాగా వేలాడుతున్నాయి. నేను వాటిని చూశాను, దాటేశాను. నా కళ్లు నేరుగా ఎడమవైపు పంటి మీదికి పోయాయి. పోయి అక్కడే అతుక్కుపోయాయి. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. మూడు వేర్ల నడుమ ఎముక మొలిచింది!

పై దవడ పళ్లకు అలా మొలిపించడం మహామహుల వల్లే కావడం లేదు. అలాంటిది ఇబ్రహీంపట్నంలో, నా చేత్తో! అండాలమ్మ కాళ్లకు మొక్కినంత పని చేశాను.

"బొక్క మొలిసింది పెద్దమ్మా! ఇగ నీ ఇష్టం. రొట్టె తిను, మటన్ తిను, నల్లి బొక్క కొరుకు. నాది పూచీ."

"నిజంగనా?" అంది ఆమె. ఆ మొహం ఎంత వెలిగిందో నాకింకా గుర్తుంది. పెళ్లిలో ఆ రోజు ఎడమ దవడతో ఎన్ని ముక్కలు నమిలిందో నాకు తర్వాత చెప్పింది.

ఆమె అటు వెళ్లగానే తుర్కయాంజాల్‌లో క్లినిక్ నడిపే నా క్లాస్‌మేట్ శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను.

"పై పంటి వేర్ల నడుమ బొక్క మొలిపించినరా!"

"పై పంటికా? పొద్దుగాల పొద్దుగాలనే ఏమన్న తాగినవా?"

"బొమ్మ పంపుతున్న, సూసి మాట్లాడు."

పంపేముందు బొమ్మను అందంగా కత్తిరించాను. అవతలి దవడ, మెడ, చెవులు, అన్నీ తీసేసి ఒక్క పన్ను మాత్రం మిగిల్చాను. శ్రీకాంత్ దాన్ని చూస్తుంటే ఫోన్‌లోంచి పొగ వస్తున్నట్టు నాకు వాసన కూడా తగిలింది.

"ఇది గనక నిజమైతే మస్తు కేసు. మన డాక్టర్ల మీటింగుల సెప్పు. మన సుశీల మేడమ్ గూడ వస్తున్నరు" అన్నాడు చివరికి.

సుశీల మేడమ్ కాలేజీలో మాకు చిగుళ్ల జబ్బుల పాఠాలు చెప్పిన ప్రొఫెసరు. ఒక్కసారన్నా నా పేరు సరిగ్గా గుర్తుపెట్టుకోలేదావిడ. ఇప్పుడు జన్మలో మరిచిపోదనుకున్నాను. ఈ ఒక్క విషయంలో నా అంచనా తప్పలేదు.

మీటింగుకు ముందే చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కట్టించాను. ఒక మూల నా ఫొటో, మిగతా అంతా అండాలమ్మ పన్ను, ముందూ తర్వాతా. "కరిగిన ఎముక మళ్లీ మొలిపించబడును." ఆ సాయంత్రం దాని కింద నిలబడి జనం ఏమంటున్నారో వింటుంటే ఒక పెద్దమనిషి నా భుజం తట్టాడు.

"అన్నా, గీ వెంచర్ ఎక్కడ? కొంగరకలాన్ దిక్కా?"

"వెంచర్ కాదన్నా, పన్ను."

"పన్నా? నేను లేఅవుట్ అనుకున్న. మరి నడిమిట్ల తెల్లగున్నది పార్కు గాదా?"

అజ్ఞానం అనుకుని జాలిపడ్డాను. నాకంటే ఆయనే నయమని తర్వాత తేలింది. ఆయనకు ఆ తెలుపు మీద కనీసం అనుమానమైనా వచ్చింది.

మీటింగు తుర్కయాంజాల్‌లో ఒక హాల్లో పెట్టారు. నేను అండాలమ్మను కూడా నా కారులో ఎక్కించుకుపోయాను.

"గా డాక్టర్ల నడుమ నాకేం పని?" అంది దారిలో.

"నువ్వే సాక్ష్యం పెద్దమ్మా."

"అట్లనా? సెప్తే ఇంకా మంచి సీరె కట్టుకొస్తుంటి గదా."

చీర సంగతి ఏమో గానీ బుట్ట కమ్మలు మాత్రం మరిచిపోలేదు. ముందు వరసలో సుశీల మేడమ్ పక్క కుర్చీలో కూర్చుంది. నాకు ముందే శాలువా కప్పేశారు. మాట్లాడాక కప్పుదామని ఎవరికైనా తట్టి ఉంటే వాళ్లకు ఒక శాలువా మిగిలేది.

మైకు అందుకుని నేను గొంతు సవరించుకున్నాను. గ్రామీణ ప్రజల చిగుళ్లు, నా పట్టుదల, యంత్రం గొప్పదనం, అన్నీ అయ్యాక తెర మీద మొదటి బొమ్మ వేశాను. నలుపు. తర్వాత రెండో బొమ్మ వేశాను. తెలుపు. హాలంతా చప్పట్లు. నేను తల వంచి చప్పట్లు స్వీకరిస్తుంటే మేడమ్ చెయ్యెత్తారు.

"ఆ రెండో బొమ్మ పూర్తిగా చూపిస్తావా?"

"ముఖ్యమైన భాగం ఇదే మేడమ్."

"ముఖ్యం కానిది కూడా చూద్దాం, పెట్టు."

ల్యాప్‌టాప్‌లో వెతికి పూర్తి బొమ్మ తెరిచాను. గోడంత తెర మీద అండాలమ్మ దవడ పరుచుకుంది. దానికి చెరోవైపు రెండు బుట్ట కమ్మలు, కింద మువ్వలతో సహా, పెళ్లి పందిట్లో కట్టినట్టు వేలాడుతున్నాయి. హాల్లో తలలన్నీ మెల్లగా తెర మీంచి ముందు వరసలోని అండాలమ్మ చెవుల మీదికి తిరిగాయి. అందరూ తన కమ్మలు చూసి ముచ్చటపడుతున్నారనుకుని ఆమె కొంగు సర్దుకుని, మువ్వలు మోగేలా తల ఒకసారి ఊపింది.

మేడమ్ లేచి తెర దగ్గరికి వెళ్లారు. "ఈ యంత్రం తల చుట్టూ తిరుగుతూ తీస్తుంది. అందుకే ఒక చెవి బంగారం రెండుసార్లు పడుతుంది. ఒకసారి దాని చోట స్పష్టంగా. ఇంకోసారి అవతలి వైపు, కాస్త పైన, పెద్దగా, మసకగా. ఇదిగో, ఇది కుడి చెవి కమ్మ. ఇదిగో, ఎడమ పంటి మీద దాని నీడ. నువ్వు మొలిపించిన ఎముక ఇదేనా?"

వెనక నుంచి శ్రీకాంత్ గొంతు వచ్చింది.

"ఆ బొక్క ఎన్ని క్యారెట్లురా?"

హాలు కూలిపోయిందనుకున్నాను. కుర్చీలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగేదాకా మేడమ్ నన్నే చూస్తూ నిలబడ్డారు.

"వేర్ల మధ్య ఆ వంకర ప్రోబ్ పెట్టి చూశావా?"

"లేదు మేడమ్."

"ఎందుకు పెట్టలేదు?"

"బొమ్మ బాగా వచ్చింది మేడమ్."

రెండో విడత నవ్వు మొదటిదానికంటే పెద్దది. ఆ నవ్వులో అండాలమ్మ లేచి నిలబడింది.

"ఏమంటున్నరు బిడ్డా? నా బొక్కకేమైంది?"

మైకులోనే చెప్పాల్సి వచ్చింది. "అది బొక్క కాదు పెద్దమ్మా. నీ కమ్మ."

"కమ్మ చెవికున్నది గదా. నోట్లకెట్ల వోతది?"

"నీడ పడ్డది."

"ఎడమ చెవిదా?"

"కుడి చెవిది."

ఆమె కుడి చెవి తడుముకుంది. కాసేపు ఆలోచించి మెల్లగా అడిగింది. "అంటే నా పంటి కింద ఏం లేదా?"

శ్రీకాంత్ మాటకు సిగ్గేసింది నిజమే. కానీ అది ఈ ప్రశ్న ముందు ఏపాటిది? నా పూచీ నమ్మి ఈమె ఇన్నాళ్లు ఆ ఊగే పంటితోనే నమిలింది. దాన్ని నిలబెట్టమని నా దగ్గరికొస్తే, నేను ఆమె పంటిని ఫ్లెక్సీ ఎక్కించి పన్ను సంగతి మరిచిపోయాను. చాలా నీచంగా అనిపించింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టేశాను.

"రేపు పొద్దున ఆమెను కాలేజీకి తీసుకురా. నువ్వూ లోపలికి రా. ఆమె కంటే నువ్వు రావడమే అవసరం" అన్నారు మేడమ్.

తిరుగు ప్రయాణంలో అండాలమ్మ కుడి కమ్మను వేలితో తిప్పుతూ కూర్చుంది. శేరిగూడ దాటాక నోరు విప్పింది.

"ఇంకా నయ్యం, నేను వడ్డాణం పెట్టుకొని రాలే. నడుముల గూడ బొక్క మొలిసిందని ఫ్లెక్సీ కడుతుంటివి."

మర్నాడు కాలేజీలో మేడమ్ తన విద్యార్థులందరినీ చుట్టూ నిలబెట్టి ఆ వంకర పరికరం నా చేతికే ఇచ్చారు. అండాలమ్మ ఈసారి కొడవలి అనలేదు. నోరు తెరిచి కళ్లు మూసుకుంది. పరికరం కొన వేర్ల మధ్యకు అడ్డమేమీ లేకుండా దూరిపోయింది. నిమిషంలో తెలిసిపోయే నిజం అది. కమ్మలు తీయించి, ఆ పన్ను మేరకు త్రీడీ స్కాన్ తీశారు. మూడు వేర్లలో ఒకదాని చుట్టూ ఎముక పూర్తిగా పోయింది. మిగతా రెండింటికి పట్టు ఉంది.

"పన్ను పీకనక్కర్లేదమ్మా. చెడిపోయిన వేరు ఒక్కటి కోసి తీసేద్దాం. మిగతా రెండు వేర్లకు లోపలి నరం చికిత్స చేసి, పైన తొడుగు వేద్దాం" అన్నారు మేడమ్.

"రెండు కాళ్ల మీద నిలుస్తదా అమ్మా?"

"మనం నిలబడడం లేదా?"

అండాలమ్మ నవ్వింది. నేను గోడకు ఆనుకుని గాలి పీల్చుకున్నాను. ఇంటికి రాగానే నిచ్చెన తెచ్చుకుని ఫ్లెక్సీ నేనే విప్పుతుంటే, కింద నుంచి అదే పెద్దమనిషి అరిచాడు. "ఏమన్నా, ప్లాట్లన్ని అమ్ముడువోయినయా?"

ఆ తర్వాత అండాలమ్మ నా గుమ్మం తొక్కదని ఖాయం చేసుకున్నాను. ఆమె తొక్కకపోతే మంచాల దిక్కు నుంచి ఇంకెవరూ తొక్కరని కూడా. అయితే మేడమ్ వైద్యమంతా పూర్తయ్యాక ఒక పొద్దున ఆమె వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

"మేడమ్ దగ్గరికి పోరాదు పెద్దమ్మా?" అన్నాను బెరుగ్గా.

"మేడమ్‌కు అంత ఎరుకే. ఒక్కసారి సూసి పొమ్మంటది. నువ్వు ఇప్పుడు భయపడి సూస్తవ్, రెండుసార్లు సూస్తవ్. గందుకే వచ్చిన."

ఇంతకన్నా పెద్ద శాలువా నాకు ఇంతవరకు ఎవరూ కప్పలేదు. చేతి తొడుగులు వేసుకుని వంకర పరికరం చేతిలోకి తీసుకున్నాను.

"ఆగు" అంది. "ముందుగాల ఒట్టెయ్యి."

"ఎవరి మీద?"

"నా పంటి మీద. పెట్టు వేలు. పెట్టి సెప్పు."

నోరు తెరిచింది. నేను చూపుడు వేలు ఆ రెండు కాళ్ల పన్ను కింద ఆనించి, నిటారుగా నిలబడి, నిండు మనసుతో ప్రమాణం చేశాను. "ఇబ్రహీంపట్నం వాస్తవ్యుడనైన నేను, బొమ్మ ఎంత ముద్దొచ్చినా చేత్తో తడమనిదే దాన్ని నమ్మనని, పేషెంటు మహారాణి అయినా కమ్మలు తీయించనిదే యంత్రం స్విచ్ వేయనని, ఏ పంటినీ ఏ చౌరస్తాలోనూ ఫ్లెక్సీ కట్టనని, ఈ ఒట్టు తప్పితే ఏ శిక్షకైనా..."

శిక్ష ఏమిటో అండాలమ్మ అప్పుడే చూపించింది. టక్కున నోరు మూసింది.

నా కేక బస్టాండు దాకా వినబడిందంటారు. ఆమె తాపీగా నోరు తెరిచి వేలు వదిలిపెట్టింది.

"ఇప్పుడు సెప్పు. ఊగుతున్నదా?"

"లేదు పెద్దమ్మా" అన్నాను వేలు ఊదుకుంటూ. "గట్టిగనే ఉన్నది."